బూడిద సబ్బు ముద్దగా మిగిలింది, కాస్టిక్ సబ్బు చురుక్కుమంటోంది: ఎక్కడ తేడా కొట్టింది?

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయాయి. మొదట పాత పద్ధతిలో కట్టెల బూడిద నానబెట్టి, ఆ తేటతో నూనె కాచారు. పూటంతా కలిపినా గోధుమరంగు ముద్ద మిగిలింది తప్ప బిళ్ల కట్టలేదు. తర్వాత 700 మి.లీ. ఆలివ్ నూనె, 300 మి.లీ. కొబ్బరి నూనె, 141 గ్రాముల కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్), 290 గ్రాముల నీళ్లతో రెండోసారి చేశారు. బిళ్లలు గట్టిగానే వచ్చాయి కానీ పైన తెల్లటి పొడి పట్టింది, పది రోజులైనా నాలుకకు తాకిస్తే చురుక్కుమంటోంది. చివర్లో, ఎంతైనా కెమికల్స్ లేని బూడిద సబ్బే ఒంటికి మంచిది కదా అని అడిగారు.

ముందు తొందరగా చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆ రెండో విడత సబ్బు ఒంటికి రాయకండి. పారేయకండి కూడా, దాన్ని బాగుచేయవచ్చు.

మీ 141 అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. 700, 300 అంకెలను ఏదో లెక్కల యాప్‌లో వేసి ఉంటారు, అది వాటిని గ్రాములుగా తీసుకుంది. గ్రాము ఆలివ్ నూనె సబ్బుగా మారాలంటే సుమారు 0.134 గ్రాముల కాస్టిక్ కావాలి, గ్రాము కొబ్బరి నూనెకు 0.183. అంటే 700 గ్రాములకు 93.8, 300 గ్రాములకు 54.9, మొత్తం 148.7. కొంత నూనె సబ్బు కాకుండా మిగలాలని ఇందులో 5 శాతం తగ్గిస్తే 141. యాప్ తప్పు చెప్పలేదు. కానీ మీరు నూనెను కొలపాత్రతో పోశారు. నూనె నీటికంటే తేలిక. 700 మి.లీ. ఆలివ్ నూనె తూకం వేస్తే 640 గ్రాములే, 300 మి.లీ. కొబ్బరి నూనె 276 గ్రాములే. ఈ నూనెకు ఒక్క చుక్క మిగలకుండా కావాల్సిన కాస్టిక్ 136 గ్రాములు. మీరు వేసింది 141. ఆ పైన ఉన్న నాలుగైదు గ్రాములకు కలవడానికి నూనె దొరకలేదు. నాలుక మీద చురుక్కుమంటున్నది అదే. కొన్న కాస్టిక్ నూటికి నూరుపాళ్లు శుద్ధంగా ఉండదు కాబట్టి అసలు మిగులు ఇంకాస్త తక్కువే ఉండొచ్చు, కానీ నాలుక ముందే చెప్పేసింది కదా.

బాగుచేయడం కూడా ఈ లెక్కలోనే ఉంది. తక్కువపడిన నూనె ఎంత? ఆలివ్ 60 గ్రాములు, కొబ్బరి 24 గ్రాములు. బిళ్లలన్నిటినీ తురమండి (చేతులకు తొడుగులు వేసుకుని). స్టీలు గిన్నెలో వేసి, ఆ 84 గ్రాముల నూనె, ఓ 80 గ్రాముల నీళ్లు కలిపి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టి మూత వేయండి. గంట, గంటన్నరలో కరిగి, అక్కడక్కడా గాజులా మెరిసే ముద్ద అవుతుంది. మధ్యమధ్య కలుపుతూ ఉండాలి, నురుగొచ్చేలా గిలక్కొట్టకూడదు. కొంచెం తీసి చల్లారాక నాలుక కొనకు తాకించి చూడండి. చురుకు లేకపోతే అచ్చుల్లోకి అదిమేయండి. చూడ్డానికి గరుకుగా, ముద్దముద్దగా ఉంటుంది, ఆ అందానికి ఆశ వదులుకోండి. వాడకానికి మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

ఇక తెల్లపొడి. చాలామంది దాన్ని చూసే భయపడతారు గానీ, చాలా సందర్భాల్లో అది ప్రమాదం కాదు. పైపొరలో ఇంకా కలవని కాస్టిక్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని సోడియం కార్బనేట్‌గా మారుతుంది, అంటే చాకలి సోడా. అచ్చు పైన మూత పెట్టి మొదటి రోజు గాలి తగలకుండా చూస్తే, నీళ్లు కాస్త తగ్గిస్తే రాదు. వచ్చినా ఆవిరి పట్టి తుడిస్తే పోతుంది. మీ విషయంలో కాస్టిక్ ఎక్కువైంది కాబట్టి పొడి కూడా కాస్త ఎక్కువే పట్టి ఉంటుంది. కరిగించేముందు గీకేయండి.

బూడిద సంగతికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కొంచెం సాగదీస్తే ఏమనుకోకండి.

మీ ముద్ద గట్టిపడకపోవడం మీ చేతి తప్పు కాదు. కట్టెల బూడిదలో నీటిలో కరిగే క్షారం ప్రధానంగా పొటాషియం కార్బనేట్. పొటాషియంతో తయారైన సబ్బు స్వభావమే మెత్తన. ఎన్నాళ్లు ఆరబెట్టినా సోడియం సబ్బులా బిళ్ల కట్టదు. పశ్చిమ ఆఫ్రికాలో కోకో కాయల పొట్టు, అరటిజాతి కాయల తొక్కలు కాల్చిన బూడిదతో చేసే నల్లసబ్బు కూడా అందుకే ముద్దగా, నలుపు తిరిగిన గోధుమరంగులో ఉంటుంది. దాన్ని ఎవరూ చెడిపోయిన సబ్బు అనరు. పొటాషియం అనే పేరే కుండలో కాచి తీసిన బూడిద అనే మాట నుంచి వచ్చింది, 1807లో హంఫ్రీ డేవీ ఆ లోహాన్ని విడదీసినప్పుడు పెట్టాడు. ఆల్కలీ అన్నమాట కూడా బూడిదను సూచించే అరబ్బీ పదమే. రసాయనశాస్త్రం పొయ్యి దగ్గర పుట్టిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి మధ్యధరా తీరాల వాళ్లు బూడిదతోనే గట్టి సబ్బు ఎలా చేశారు? వాళ్లు కాల్చింది అడవి కట్టెలు కాదు, సముద్రతీరపు ఉప్పునేలల్లో పెరిగే మొక్కలు. ఆ మొక్కలు పొటాషియానికి బదులు సోడియం ఎక్కువ పోగుచేసుకుంటాయి. స్పెయిన్‌లో ఆ బూడిదను బారిల్లా అని అమ్మేవారు. ఆలివ్ నూనె, ఆ బూడిద కలిసినచోట గట్టి సబ్బు పుట్టింది. సిరియాలోని అలెప్పో, పాలస్తీనాలోని నాబ్లస్, స్పెయిన్‌లోని కాస్టిల్, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ సబ్బుల పేర్లన్నీ ఆ వరసలోవే. కట్టెల బూడిద తప్ప వేరే దిక్కులేని చోట్ల ఉడుకుతున్న మెత్తటి సబ్బులో మామూలు ఉప్పు వేసేవారు. ఉప్పులోని సోడియం వచ్చి పొటాషియాన్ని చాలావరకు తోసేస్తుంది, సబ్బు గట్టిపడే జాతిగా మారుతుంది.

మీరు తప్పిన ఇంకో మెట్టు సున్నం. బూడిద తేటలో ఉన్న కార్బనేట్ బలహీనమైన క్షారం, నూనెను చాలా మెల్లగా, అరకొరగా మాత్రమే సబ్బు చేస్తుంది. తడిపిన సున్నం దానితో కలిస్తే కార్బనేట్ సున్నంతో జతకట్టి సుద్దలా అడుగున దిగుతుంది, పైన తేటలో పొటాషియం హైడ్రాక్సైడ్ మిగులుతుంది. అది కాస్టిక్ సోడాకు స్వయానా తమ్ముడు. కళ్లు, చర్మం కాల్చడంలో అన్నకేం తీసిపోదు. కాబట్టి బూడిద పద్ధతి కెమికల్స్ లేనిది అన్నమాట నిలవదు. బూడిద నీళ్లకు సరిగ్గా బలం వస్తే అది క్షారం, రాకపోతే అది మురికినీళ్లు. క్షారం లేకుండా సబ్బు లేదు. 'లై (అంటే క్షారం) వాడని సబ్బు' అని రాసుంటే రెండింట్లో ఒకటి: ఎవరో ముందే క్షారంతో చేసిపెట్టిన దిమ్మను కరిగించి పోశారు, లేదా అది సబ్బే కాదు, డిటర్జెంట్ బిళ్ల.

గుడ్డు తేలే పరీక్ష చేశారని రాశారు. పాతకాలంలో అదే ఆధారం, బూడిద తేటలో గుడ్డు వేస్తే కొంచెం నెత్తి కనబడేలా తేలాలి. కానీ గుడ్డు చెప్పేది ఆ నీరు ఎంత బరువెక్కిందన్నది మాత్రమే. ఆ బరువు క్షారం వల్లా, బూడిదలోని ఇతర లవణాల వల్లా అన్నది దానికి తెలియదు. అంటే పాతవాళ్లకు తమ క్షారం బలం ఎప్పుడూ కచ్చితంగా తెలియదు. తెలియకుండా అంత మంచి సబ్బు ఎలా చేశారన్నదే అసలు ప్రశ్న.

జవాబు కాచడంలో ఉంది. మార్సెయ్ పద్ధతి చూడండి. పెద్ద కాగుల్లో నూనెను క్షారంతో రోజుల తరబడి ఉడికిస్తారు, క్షారం కావాలనే ఎక్కువ వేస్తారు. నూనె అంతా సబ్బుగా మారాక ఉప్పునీళ్లు పోస్తారు. సబ్బు ఉప్పునీటిలో కరగదు కాబట్టి పెరుగు విరిగినట్టు విరిగి పైకి తేలుతుంది. మిగిలిన క్షారం, మురికి, గ్లిజరిన్ అడుగున నీళ్లలో ఉండిపోతాయి. ఆ నీళ్లు తీసేసి మళ్లీ కడుగుతారు. అంటే తూకం తెలియకపోయినా చివర్లో దిద్దుకునే అవకాశం ఆ పద్ధతిలోనే ఉంది. 1688లో పద్నాలుగో లూయీ కాలంలో వచ్చిన రాజశాసనం అక్కడి సబ్బులో ఆలివ్ నూనె తప్ప వేరే నూనె వాడకూడదంది, ఎండ ముదిరే జూన్, జులై, ఆగస్టు నెలల్లో తయారీ ఆపమంది. ఇప్పటికీ ఆ బిళ్లల మీద కనిపించే 72 శాతం ముద్ర నూనె నుంచి వచ్చిన కొవ్వు ఆమ్లాల పాలును చెప్పేదే.

మీరు రెండోసారి చేసింది కాచని పద్ధతి. నూనె, కాస్టిక్ నీళ్లు గోరువెచ్చగా కలిపి అచ్చులో పోస్తాం, అంతే. ఉప్పు వేసి విరవడం లేదు, కడగడం లేదు. గిన్నెలో ఏం పడిందో అదంతా బిళ్లలో ఉండిపోతుంది. మంచి కూడా ఉండిపోతుంది, అంటే నూనె బరువులో దాదాపు పదో వంతు తయారయ్యే గ్లిజరిన్. తప్పు కూడా ఉండిపోతుంది, అంటే మీ నాలుగైదు గ్రాములు. పాతవాళ్లు చివర్లో దిద్దుకున్నదాన్ని మనం మొదట్లోనే సరిగ్గా తూచి పెట్టుకోవాలి. నా దృష్టిలో పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ ఉన్న తేడా ఇదొక్కటే. ప్రకృతికి దగ్గరా దూరమా అన్నది కాదు. మనం ఇలా తూచగలుగుతున్నామంటే దాని వెనక చాలామంది శ్రమ ఉంది. 1791లో ఫ్రాన్స్‌లో నికొలా లెబ్లాన్ మామూలు ఉప్పు నుంచి చాకలి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు, బూడిద మీద ఆధారం తగ్గింది. 1823లో ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త షెవ్రోల్ కొవ్వుల మీద తన పరిశోధనలు అచ్చువేశాడు, నూనె అంటే కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్ కలిసిన పదార్థమని అప్పుడు తేలింది. క్షారం శుద్ధంగా దొరకడం, ఏ నూనెకు ఎంత కావాలో తెలియడం, ఈ రెండూ ఉంటేనే కాచకుండా సబ్బు చేసే ధైర్యం వస్తుంది.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి ఖర్చు ఒక్క గ్రాము తేడా చూపే కాటా. అచ్చులు, రంగులు, పరిమళాలు తర్వాత. కప్పులు, చెంచాలు, మి.లీ. గీతలు ఈ పనికి పనికిరావు. నీళ్లు కూడా తూచే పోయాలి. ఇక ఏ నూనె వాడితే ఆ నూనె లెక్కే వేయాలి. ఆలివ్ బదులు అంతే బరువు కొబ్బరి నూనె పోస్తే కాస్టిక్ మూడోవంతుకు పైగా పెరగాలి. ఒక నూనె మారితే మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి.

జాగ్రత్తల దగ్గర నేను సరదాగా మాట్లాడను. కళ్లద్దాలు (మామూలువి కాదు, పక్కలు మూసుండేవి), తొడుగులు, పొడవు చేతుల చొక్కా. కాస్టిక్‌ను నీళ్లలోకి కొంచెం కొంచెంగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోస్తే కుతకుతమని ఎగిరి మొహాన పడుతుంది. కలిపేటప్పుడు నీళ్లు వాటంతటవే 80 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది, కిటికీ తెరిచి ఉంచండి. స్టీలు గానీ, దళసరి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గానీ వాడండి. అల్యూమినియం జోలికి వెళ్లొద్దు. నేను మొదట్లో తెలియక అల్యూమినియం తపేలాలో కలిపాను. నిమిషంలో బుసబుసా పొంగింది, తపేలా నల్లబడి అడుగు చిల్లులు పడింది. ఆ వచ్చేది హైడ్రోజన్, పక్కన పొయ్యి వెలుగుతూ ఉంటే ఇవాళ ఈ జవాబు రాసేవాడిని కాదేమో. గాజు గిన్నె కూడా కాలక్రమంలో కాస్టిక్‌కు అరిగి, ఒక రోజు ఉన్నట్టుండి పగులుతుంది. ఒంటిమీద పడితే వెనిగర్ పోయమని కొందరు చెబుతారు. వినకండి. పారే నీళ్ల కింద కనీసం పావుగంట పెట్టాలి, కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మురుగుగొట్టాలు శుభ్రం చేసే పొడిని కాస్టిక్ అనుకుని వాడేవాళ్లున్నారు. వాటిలో కొన్నిట్లో అల్యూమినియం ముక్కలు కలుపుతారు. శుద్ధ సోడియం హైడ్రాక్సైడ్ అని స్పష్టంగా ఉంటేనే తీసుకోండి.

కలిపేటప్పుడు రెండూ గోరువెచ్చగా, ఓ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే చాలు. చేత్తో తిప్పితే గంట పట్టే పని, కర్ర బ్లెండర్‌తో నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. మిశ్రమం గరిటజారుగా వచ్చి, పైనుంచి ధారగా వదిలితే ఆ గీత కాసేపు ఉపరితలం మీద నిలవాలి. దాన్నే ట్రేస్ అంటాం. ఒక మోసం ఉంది: గడ్డకట్టే నూనెలు చల్లబడితే కూడా ఇలాగే చిక్కబడినట్టు కనిపిస్తుంది, అచ్చులో పోశాక నూనె వేరైపోతుంది. అనుమానం వస్తే కొంచెం వెచ్చబెట్టి చూడండి, పల్చబడితే అది అసలు ట్రేస్ కాదు.

అచ్చులో పోశాక ఒకటి రెండు రోజుల్లో కోయవచ్చు. కాస్టిక్ చాలావరకు ఆ మొదటి రోజుల్లోనే నూనెతో కలిసిపోతుంది. మరి నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టడం దేనికని అడుగుతారు. నీళ్లు పోయి బిళ్ల గట్టిపడటానికి, లోపల సబ్బు స్ఫటికాలు కుదురుకోవడానికి. ఆరని బిళ్ల స్నానాల గదిలో నాలుగు రోజుల్లో కరిగిపోతుంది, నురుగు కూడా సరిగా రాదు. అయితే ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ఎక్కువైన కాస్టిక్ ఆరబెడితే తగ్గిపోతుందని. పైపైన కొంత చాకలి సోడాగా మారుతుంది, లోపలిది ఎక్కడికీ పోదు. అందుకే మీకు ఎదురుచూడమని కాకుండా కరిగించి నూనె కలపమని చెప్పాను. ఆలివ్ నూనె ఎక్కువున్న సబ్బుకు ఆరు వారాలు కూడా చాలవు. అలెప్పో వాళ్లు చలికాలంలో సబ్బు వండి, ఆలివ్ నూనెకు చివర్లో లారెల్ కాయల నూనె కలిపి, బిళ్లలను నెలల తరబడి ఆరబెడతారు. పైన బంగారురంగు గోధుమ, కోస్తే లోపల ఆకుపచ్చ. నాబ్లస్‌లో అయితే బిళ్లలను గాలి ఆడేలా బోలు గోపురాల్లా పేర్చి ఆరబెడతారు. ఈ రెండు చోట్ల సబ్బు తయారీనీ 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

నూనెల ఎంపిక గురించి క్లుప్తంగా. కొబ్బరి నూనె నురుగిస్తుంది, మురికి బాగా లాగుతుంది, అతిగా వేస్తే చర్మం పొడిబారుతుంది. నేను 25, 30 శాతం దాటను. ఆలివ్ మృదువు, ఒంటరిగా వేస్తే నురుగు జిగురుగా ఉంటుంది. ఆముదం 5 శాతం వేస్తే నురుగు నిలబడుతుంది. పొద్దుతిరుగుడు, సోయా లాంటివి ఎక్కువ వేస్తే కొన్ని నెలలకు బిళ్లల మీద నారింజ మచ్చలు, ముక్కిపోయిన నూనె వాసన వస్తాయి. ఆ మచ్చలకు మందు లేదు.

ఇందులో పూలు, పాలు, తేనె కలపాలని ఉందన్నారు. మొదటి నాలుగైదు విడతలు వద్దు. క్షారంలో మందార ఎర్రగా ఉండదు, గులాబీ రేకులు మాడినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. తేనె, పాలల్లోని చక్కెర వేడి పుట్టించి అచ్చు పొంగిస్తుంది. పాలను గడ్డకట్టించి కాస్టిక్ మెల్లగా వేస్తే తప్ప మాడిపోతాయి. లవంగ నూనె, దాల్చిన నూనె వేస్తే మిశ్రమం గరిటలోనే గడ్డకడుతుంది. పైగా రెండూ చర్మానికి ఘాటు. పీహెచ్ (క్షారగుణం ఎంతో చెప్పే అంకె) తగ్గించాలని నిమ్మరసం చివర్లో పిండేవాళ్లూ ఉన్నారు. అసలు సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉండటమే దాని లక్షణం. 7కు దించితే సబ్బు విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లాలుగా, జిడ్డుగా మారుతుంది. గట్టినీళ్లున్న చోట తెట్టు కట్టకుండా సిట్రిక్ ఆమ్లం వాడటం వేరే సంగతి. అప్పుడు ప్రతి 10 గ్రాముల పొడి సిట్రిక్ ఆమ్లానికి 6.2 గ్రాముల కాస్టిక్ అదనంగా లెక్కకట్టి మొదటే వేస్తాం. ఇదీ తూకమే.

మళ్లీ చేసేటప్పుడు చిన్న విడత చేయండి: ఆలివ్ నూనె 350 గ్రాములు, కొబ్బరి నూనె 125, ఆముదం 25, కాస్టిక్ 69, నీళ్లు 138. ఇందులో 5 శాతం నూనె సబ్బు కాకుండా మిగిలేలా లెక్క ఉంది, తూకంలో చిన్న తేడా వచ్చినా అది కాచుకుంటుంది. యాప్‌లో మీరే మరోసారి వేసి చూసుకోండి, నా లెక్కను కూడా గుడ్డిగా నమ్మొద్దు.

ఆ బూడిద ముద్ద ఇంకా ఉంటే చెంచాడు వేడినీళ్లలో కలపండి. నూనె పైకి తేలకుండా కరిగి నురుగొస్తే మీరు చేసింది సబ్బే, గిన్నెలు తోమడానికి వాడుకోవచ్చు, నాలుక పరీక్ష చేశాకే. నూనె తేలితే సున్నం తేట చేసి మళ్లీ ఉడికించండి. అలా ఉడికించాక గుప్పెడు ఉప్పు వేసి అది విరిగి పైకి తేలడం మాత్రం ఒక్కసారైనా చూడండి.